చుక్కి ఆగిన ఇళ్లు

పినపాక దాటి అడవి ఊళ్లకు వెళ్లివచ్చిన వాళ్లు మా బొగ్గుబాయి కాలనీలో చాలామందే ఉన్నారు. బీడీలు చుట్టే తునికాకు కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాలుగా వెళ్లినవాళ్లు, చింతపండు చవకని వెళ్లినవాళ్లు, చుట్టపు చూపుగా వెళ్లినవాళ్లు. గుర్రం మీద కూర్చుని, ఇంటింటికీ ఉప్పు కొలిచి పోస్తూ వెళ్లింది మాత్రం నాకు తెలిసి నేనొక్కదాన్నే. అప్పటికి నాకు పన్నెండేళ్లు. అది ఏడో తరగతి పరీక్షలు రాసిన వేసవి. ఇప్పుడా దారిలో తారు రోడ్డు పడింది, ఉప్పు ప్యాకెట్లలో వస్తోంది. ఇక ఎవరూ అలా వెళ్లే వీలు లేదు కనుక రాస్తున్నాను.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. ఆ ఏడు నాకు గురుకుల పాఠశాలలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలి. నాయిన సరేనన్నాడు, అమ్మ ఒప్పుకోలేదు. అంతకుముందు దసరా సెలవులకు కారేపల్లిలో పెద్దమ్మ ఇంటికి పంపితే రెండో రోజుకే ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకున్నాను. నాయిన డ్యూటీ మానుకుని వచ్చి నన్ను తీసుకుపోయాడు. "పెద్దమ్మ కాడ రెండు దినాలు ఉండలేనిది హాస్టల్ల ఏడాది ఎట్లుంటది?" అని అడిగింది అమ్మ.

మా పక్క క్వార్టరులోని సత్తెమ్మక్క తండ్రి రాజయ్య తాత. పినపాక అవతల అడవి అంచున ఉంటాడు. గుర్రం మీద ఉప్పు, ఎండు చేపలు, పొగాకు వేసుకుని అడవి గుంపులు తిరిగి అమ్ముతాడు. అక్కడ పది పదిహేను ఇళ్ల పల్లెను గుంపు అంటారు. కూతుర్ని చూడడానికి వచ్చినప్పుడు, నేను కాలనీ గ్రంథాలయంలో గుర్రపు స్వారీ పుస్తకం తెచ్చుకుని చదువుతుంటే చూసి నవ్వాడు. సెలవులకు పంపండి, అసలు గుర్రమే ఎక్కిస్తానన్నాడు.

అమ్మ దానికి షరతు పెట్టింది. ఎనిమిది రోజులు ఉండాలి. మధ్యలో వచ్చి తీసుకుపొమ్మని కబురు పెడితే, హాస్టలు కోసం నాయిన తెచ్చిపెట్టిన ట్రంకు పెట్టె అటక మీద నుంచి దిగదు. కబురు పెట్టడం కష్టమేమీ కాదు. ఆ రోడ్డు మీద తిరిగే బస్సు డ్రైవరు యాదగిరి మామ మా వీధిలోనే ఉంటాడు. పొద్దున పోతాడు, మధ్యాహ్నం అదే దారిన తిరిగి వస్తాడు. ఒక్క మాట చెబితే చాలు.

పాల్వంచ మీదుగా

నాయిన నన్ను బస్సెక్కించి, యాదగిరి మామకు అప్పగించి, రెండు సార్లు వెనక్కి తిరిగి చూసి డ్యూటీకి వెళ్లిపోయాడు. నాకు డ్రైవరు పక్కన ఇంజను పెట్టె మీద చోటు దొరికింది. అది ఎంత వేడంటే, గుర్రం ఎక్కకముందే నాకు కూర్చోవడం కష్టమైంది.

పాల్వంచలో షిఫ్టు దిగిన వాళ్లు ఖాళీ టిఫిను డబ్బాలతో ఎక్కి నిలబడే నిద్రపోయారు. నేను పక్కాయనకు, గుర్రాలు కూడా ఇలాగే నిలబడి నిద్రపోతాయని పుస్తకంలో ఉందని చెప్పాను. ఆయన కళ్లు తెరవకుండానే అవ్ అన్నాడు. మణుగూరు దగ్గర ఒకామె బుట్ట నిండా తాటి ముంజలతో ఎక్కింది. రూపాయికి డజను. మా కాలనీలో అదే రూపాయికి ఆరు వస్తాయి. ఆమె పైన ఒకటి కొసరు కూడా వేసింది.

బస్సు నన్ను ఒక చాయ్ కొట్టు దగ్గర దించింది. చుట్టూ మద్ది చెట్లు తప్ప ఊరు కనబడలేదు. రాజయ్య తాత అక్కడ ఉన్నాడు. పక్కన చుక్కి.

పుస్తకంలో బొమ్మలు చూసిన నాకు గుర్రమంటే ఎత్తయిన మెడ, వంపు తిరిగిన తోక. చుక్కి పొట్టిది, బొజ్జ ఉన్న ఆడ గుర్రం. ఎండిన చింతతొక్కు రంగు, నుదుట తెల్ల చుక్క. జీను లేదు, రికాబులు లేవు. వీపు మీద మడత పెట్టిన బొంత, దాని మీద ఒక కర్ర చట్రం, చట్రానికి అటూ ఇటూ గోనె సంచులు. నా ముఖం చూసి తాత, "చిన్నగున్నదని చూడకు బిడ్డా, దీనికి నాకన్న ఎక్కువ ఇండ్లు తెలుసు" అన్నాడు.

ఇంటికి చేరాక సాయంత్రం తాత భార్య బుచ్చమ్మవ్వ జొన్న గటక, చింతచిగురులో వేసిన ఎండు రొయ్యలు పెట్టింది. తింటూ నేను గుర్రాలు నిలబడి నిద్రపోయే సంగతి మళ్లీ చెప్పాను. అవ్వ కొట్టం వైపు చూపించింది. చుక్కి నాలుగు కాళ్లూ చాపుకుని, పక్కకు పడుకుని గురక పెడుతోంది.

పుస్తకం చెప్పిన ఎడమ వైపు

గుర్రాన్ని ఎప్పుడూ ఎడమ వైపు నుంచే ఎక్కాలని పుస్తకంలో స్పష్టంగా ఉంది. నేను నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాసుకున్న మొదటి సూత్రం అదే. మరునాడు పొద్దున తాత నీళ్లు తోడుతుండగా, ఆయన వచ్చేలోపు ఎక్కి చూపిద్దామని ఎడమ వైపు నుంచి వెళ్లాను. కాలు వేసీ వేయకముందే చుక్కి అదిరిపడి పక్కకు జరిగింది. నేను పేడ మీద పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది.

తాత ఎడమ కాలు చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడి విరిగింది, మోకాలు వంగదు. అందుకని ఇరవై ఏళ్లుగా ఆయన కుడి వైపు నుంచే ఎక్కుతున్నాడు. చుక్కికి ముందున్న గుర్రం కూడా కుడి గుర్రమే. ఎడమ వైపు నుంచి మనిషి మీదికి రావడం చుక్కి పుట్టి ఎరగదు. ఇదంతా ఆయన నా మోచేతికి పసుపు అద్దుతూ చెప్పాడు. పుస్తకం రాసినాయన చుక్కిని చూడలేదు గదా అని కూడా అన్నాడు. ఆ మాటతో నాకు పుస్తకం మీద గౌరవం తగ్గలేదు. కానీ ఎర్ర ఇంకు పక్కన పెన్సిలుతో "చుక్కికి కుడి" అని రాసుకున్నాను.

ఆ రోజంతా వాకిట్లో గుండ్రంగా తిరిగాను. సాయంత్రానికి తొడలు ఒరుసుకుపోయి, కాళ్లు దగ్గరికి రాలేదు. పడుకున్నాక అమ్మ చేతి వాసన గుర్తుకొచ్చింది. దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

తాత వెంట

మూడో రోజు తాత నన్ను సంచుల మధ్య కూర్చోబెట్టి తాను కర్ర పట్టుకుని ముందు నడిచాడు. ఆ దారిలో తాత ఉప్పు పోసే ఇళ్లు ఏడు, చివరిది రోడ్డు మీది చాయ్ కొట్టు. చుక్కిని ఎవరూ ఆపక్కర్లేదు. ఇల్లు రాగానే తానే ఆగి తల వంచేది. ఇంట్లోవాళ్లు బుట్ట తెచ్చేవారు. సోల అంటే తాత కొలిచే గిన్నె. సోలెడు ఉప్పుకు రెండు సోలల ఎండిన ఇప్పపువ్వు. చింతపండయితే సోలకు సోల. తాత కొలిచి పోసి, సోలను చట్రానికి రెండు సార్లు కొట్టి సంచిలో వేసి "పా" అనేవాడు. గుర్రం కదిలేది. "పా అంటే నడుస్తుంది" అని నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆ ఇళ్లకు తాళాలు లేవు. తలుపంటే వెదురు తడిక. ఒక గుంపులో చెట్టు నిండా మామిడికాయలు ఉన్నాయి కానీ ఒక్కటీ కోయలేదు. మామిడి పండుగ చేసి దేవతకు పెట్టిందాకా పిల్లలు కూడా ముట్టరట. మా కాలనీలో పిందె దశ దాటిన కాయను నేను చెట్టు మీద చూడనే లేదు.

కన్నమ్మ వాకిలి

నాలుగో రోజుకు నాకు కూర్చున్నా నొప్పే, నిలబడ్డా నొప్పే. ఐదో రోజు పొద్దున తాతకు చలిజ్వరం వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా మంచం వణుకుతోంది. రోజు విడిచి రోజు తాత ఆ దారిన పోతాడు, మళ్లీ ఉప్పు వెళ్లాల్సిన రోజు అదే. అవ్వకు కళ్లు సరిగా ఆనవు.

నేను పోతానన్నాను. ధైర్యంతో అన్న మాట కాదది. ఆ దారి చివర చాయ్ కొట్టు, చాయ్ కొట్టు దగ్గర మధ్యాహ్నం యాదగిరి మామ బస్సు. నోటుబుక్కులోంచి కాగితం చించి ముందే రాసి జేబులో పెట్టుకున్నాను: నాయినా, వచ్చి తీసుకుపో.

తాత చాలాసేపు వద్దన్నాడు. చివరికి గుంపుల్లో మొన్న ఉప్పు అందనివాళ్లు ఎదురుచూస్తుంటారని అవ్వ అంటే, "నువ్వు నడిపేదేం లేదు, అదే నడుస్తది. కొలిచి పొయ్యి, ఇచ్చింది తీసుకో, గంతే" అన్నాడు.

నిజంగానే చుక్కి నడిచింది. వాగు దాటింది, మొదటి ఇంటి ముందు ఆగింది. అది కన్నమ్మ ఇల్లు. కన్నమ్మ కోయ మాటలో అత్తతో ఏదో అని నవ్వి, నాతో తెలుగులో తాత గురించి అడిగింది. ఉప్పు కొలిచాను. సోలకు తడి అంటుకుంటే పాడవుతుందని గౌను అంచుతో శుభ్రంగా తుడిచి సంచిలో పెట్టాను. "పా" అన్నాను.

చుక్కి కదల్లేదు.

పుస్తకంలో చెప్పినట్టు మోకాళ్లతో నొక్కాను. తాడు సడలించాను. మెడ నిమిరాను. గొంతు మార్చి తాత లాగా అన్నాను. చుక్కి తోకతో ఈగలు తోలుకుంది. నీడ వాకిట్లోంచి గోడ దాకా జరిగింది. బస్సు పోతుందేమోనని దారి వైపే చూస్తున్నాను.

కన్నమ్మ తట్టలో తునికాకు పేర్చుకుంటూ ఇదంతా చూస్తోంది. ఇక ఉండలేక లేచి వచ్చి, సంచిలోంచి సోల తీసి చట్రానికి టక్ టక్ అని కొట్టింది. చుక్కి వెంటనే అడుగేసింది. కన్నమ్మ నడుం పట్టుకుని నవ్వి, "తాత ఉప్పు దులుపుతడు పిల్లా. గా సప్పుడైతెనే దానికి కొలుచుడు అయిపోయినట్టు" అంది.

తాత సోలకు అంటిన ఉప్పు రాల్చడానికి కొట్టేవాడు. అది ఆయనకు శుభ్రత, చుక్కికి సెలవు. నేను రెండూ చూసి కూడా "పా" అన్న మాట ఒక్కటే రాసుకున్నాను.

నాలుగో ఇల్లు

రెండో ఇంట్లో ఉప్పు పోసి, టక్ టక్ అన్నాను. మూడో ఇంట్లోవాళ్లు తునికాకు ఆరబెట్టే కళ్లానికి వెళ్లారు, ఎవరూ లేరు. చుక్కి ఆగింది. ఊరికే సోల కొట్టి చూశాను. కదిలింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఉప్పు పోయకపోయినా సోల కొడితే చాలు. ఇలా మిగిలిన ఇళ్లన్నీ దాటేస్తే బస్సు తప్పదు. అందుకని నాలుగో ఇంటి దగ్గర చుక్కి ఆగీ ఆగకముందే టక్ టక్ మనిపించాను. ముందుకు సాగింది. ఇరవై అడుగులు పోయామో లేదో వెనక నుంచి కేక వినబడింది. చూస్తే ఒక ముసలవ్వ, చేతిలో చిన్న బుట్టతో తడిక పట్టుకుని నిలబడి ఉంది. పరిగెత్తలేదు ఆమె. పిలుస్తోంది.

చుక్కిని వెనక్కి తిప్పబోయాను. తిరగలేదు. సెలవిచ్చాక వెనక్కి రావడం దానికి తెలియని పని. దిగి, తాడును తుమ్మ మొద్దుకు కట్టి, సోల నిండా ఉప్పు పోసుకుని కాళ్లు ఎడంగా వేసుకుంటూ నడిచి వెళ్లాను. ఆమె బుట్టలో పోశాను. లోపల పొయ్యి మీద అంబలి ఉడుకుతోంది. మొన్న తాత వచ్చినప్పుడు ఇంట్లో లేదట, మూడు రోజులుగా చప్పిడిదే తాగుతోందట. ఒక ఉప్పు గల్లు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. నేను మా ఇంట్లో ఉప్పు తక్కువైందని కూర పక్కకు నెట్టిన రోజులు గుర్తొచ్చి తల వంచుకున్నాను.

ఆమె నా నడక చూసి, అడక్కుండానే ఇప్పనూనె చిప్ప తెచ్చి తొడలకు రాయించింది. మంట చల్లారుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఎవరి బిడ్డవని అడిగింది. చెప్పాను.

"ఒక్కదానివే వచ్చినవా? భయమైతలేదా?"

"అయితంది అవ్వా."

"అయితే అయితది. ఇంకెన్ని ఇండ్లున్నయి?"

మూడున్నాయని చెప్పాను.

"మరి పో. వాళ్లకు గూడ పొయ్యి" అని, ఇంకో బుట్టలోంచి చింతపండు నా ఒళ్లో పోసింది.

అంతకుముందు నన్నెవరైనా భయమైతుందా అని అడిగితే, వెంటనే దగ్గరికి తీసుకునేవారు, లేకపోతే ఇంటికి పంపేవారు. భయం ఉండగానే ఉప్పు పోయవచ్చని ఎవరూ అనలేదు. చుక్కి దగ్గరికి తిరిగి వచ్చి కుడి వైపు నుంచి ఎక్కాను. ఐదో ఇంట్లో, ఆరో ఇంట్లో కొలిచే పోశాను. ఆరో ఇంట్లో ముంజలు పెడితే కూర్చుని తిన్నాను కూడా.

రోడ్డు మీద

బస్సు పోయి ఉంటుందనుకున్నాను. పోలేదు. ఎక్కడో టైరు పంక్చరై ఆలస్యంగా వచ్చిందట. యాదగిరి మామ చాయ్ తాగుతున్నాడు. గుర్రం మీద నన్ను చూసి గ్లాసు నోటి దగ్గరే ఆపాడు.

"ఓ పిల్లా, ముసలాయన ఏడి?"

జ్వరమని చెప్పాను. చుక్కి కొట్టు ముందు ఆగి తల వంచింది. నేను దిగి కొట్టాయనకు రెండు సోలలు కొలిచి పోశాను. ఆయన రెండు బన్ను ముక్కలు, చాయ్ ఇచ్చాడు. మామ హారను కొట్టి, తల బయటపెట్టి అడిగాడు. "మీ నాయినకు ఏమన్న చెప్పాల్నా?"

కాగితం జేబులోనే ఉంది. వేలు తగిలింది కూడా. ఇస్తే సాయంత్రానికల్లా నాయిన చేతిలో ఉంటుంది, రేపు సాయంత్రానికి నేను అమ్మ దగ్గర ఉంటాను. ఆ మాట అనుకుంటేనే ఒళ్లు తేలికైంది. అవతల తాత మంచం వణుకుతోంది. సోల నా చేతిలో ఉంది.

"ఉప్పు అంత అయిపోయిందని చెప్పు మామా. తాతకు జరం గోళీలు రేపు తీసుకరా" అన్నాను.

బస్సు కదిలి మలుపు తిరిగింది. దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత సోలను చట్రానికి రెండు సార్లు కొట్టాను.

తిరుగు దారి

పుస్తకంలో ఎంత వెతికినా దొరకని సంగతి ఇది: ఉప్పు అయిపోయి ఇంటి ముఖం పట్టిన గుర్రం ఏ ఇంటి ముందూ ఆగదు. చుక్కి పరుగందుకుంది. నేను చట్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. మొదట పళ్లు టకటకలాడాయి. కాసేపటికి దాని అడుగుతో పాటు నా నడుము కూడా లేచి పడడం నేర్చింది. నాలుగో ఇంటి ముసలవ్వ తడిక దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. కన్నమ్మ వాళ్లు కళ్లం నుంచి తిరిగి వస్తూ దారి ఇచ్చారు. వాగులో నీళ్లు నా ముఖాన పడ్డాయి. గట్టిగా నవ్వాను. అడవిలో నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

తాత దుప్పటి కప్పుకుని వాకిట్లో మంచం వేయించుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచీ లోపలికి పోలేదట. నన్ను చూడగానే గుర్రం కాళ్లు చూశాడు, నా కాళ్లు చూశాడు, సంచి తడిమి సోల ఉందో లేదో చూశాడు. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలి పడుకున్నాడు. "ఇగ జరం పోయినట్టే" అంది అవ్వ. ఆయన గుర్రాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వడం ఇరవై ఏళ్లలో అదే మొదటిసారని, నేను వెళ్లిన దగ్గర్నుంచీ ప్రతి చప్పుడుకూ లేచి కూర్చున్నాడని ఆమే చెప్పింది.

మరునాడు గోళీలు వచ్చాయి. ఏడో రోజు తాత, నేను కలిసి వెళ్లాం. ఈసారి ఆయన గుర్రం మీద కూర్చున్నాడు. నేను నడిచాను.

అటక కింద

ఎనిమిదో రోజు నాయిన వచ్చాడు. దారంతా నేనే మాట్లాడాను. గుర్రాలు నిలబడీ నిద్రపోతాయి, పడుకునీ నిద్రపోతాయని ఈసారి సరిచేసి చెప్పాను.

ఇంట్లో అమ్మ నా మోచేతి మచ్చ చూసింది, ఎండకు నల్లబడ్డ ముఖం చూసింది. నా బట్టలు ఉతకడానికి తీసి జేబులు తడిమింది. కాగితం దొరికింది. మడత విప్పి కూడబలుక్కుంటూ చదివింది.  కాగితాన్ని దాచాలని కూడా నాకు తోచలేదు, దాన్ని అంతగా మరిచిపోయాను.

"ఎప్పుడు రాసినవ్?"

"ఐదో దినం."

"మరి బస్సు రాలేదా?"

"వచ్చింది."

"మరి ఇయ్యలేదేంది?"

తాతకు జ్వరమని, ఇంకా మూడు ఇళ్లు ఉన్నాయని చెప్పాను.  అమ్మ కాగితాన్ని మళ్లీ అదే మడతలో పెట్టి నా నోటుబుక్కులో ఉంచింది. తర్వాత స్టూలు జరుపుకుని ఎక్కి, అటక మీది ట్రంకు పెట్టెను కిందికి దించింది. దుమ్ము తుడవడానికి నన్నే తడిగుడ్డ తెమ్మంది.